యాప్ పెట్టండి, కానీ హాల్‌టికెట్ నంబర్ అడగొద్దు

సంపాదకులకు నమస్కారం.

ఉత్తరం కాస్త పెద్దదైంది, వీలైతే కత్తిరించకుండా వేయండి. నేను మహబూబ్‌నగర్ వైపు ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్తాను, ఒక సెక్షన్‌కు మెంటర్‌ని కూడా. ఈ మధ్య మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఒక ఆర్డర్ వచ్చింది. విద్యార్థులంతా ఫలానా మానసిక ఆరోగ్య యాప్ వేసుకోవాలి, హాల్‌టికెట్ నంబర్‌తో లాగిన్ అవ్వాలి, అందులో అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబులు నింపి, నింపినట్టు స్క్రీన్‌షాట్ తీసి సాయంత్రంలోగా గ్రూపులో పెట్టాలి, పెట్టనివాళ్ల లిస్టు మెంటర్లు ఆఫీసుకు పంపాలి. చుట్టుపక్కల కాలేజీల్లో పనిచేసే మిత్రులను అడిగితే వాళ్ల దగ్గరా ఇట్లాంటిదే ఏదో ఒకటి నడుస్తోందన్నారు. అందుకే దీన్ని మా కాలేజీ లోపలి విషయంగా వదిలేయకుండా పేపర్‌కు రాస్తున్నాను.

సాయంత్రానికి స్క్రీన్‌షాట్లు వరసబెట్టి వచ్చాయి, అన్నీ ఒకేలా ఉన్నాయి. నిద్ర మంచిగా పడుతుంది, ఆకలి మంచిగా అవుతుంది, దేని మీదా బెంగ లేదు. ముందు ఒకరు నింపి పెట్టారు, మిగతావాళ్లు అది చూసి నింపారు. బ్యాక్‌లాగ్‌లు పేరుకుపోయి క్లాసుకు రావడమే తగ్గించిన అబ్బాయిలు, చదువు మధ్యలో ఇంట్లో సంబంధాలు చూస్తున్నారని రంది పెట్టుకున్న అమ్మాయిలు, వాళ్లు కూడా ‘చాలా సంతోషంగా ఉన్నాను’ అనే నొక్కారు. వాళ్ల తప్పేం లేదు. ఇంటర్నల్ మార్కులు వేసే మనుషులు చూస్తారని తెలిసీ, హాల్‌టికెట్ నంబర్ కింద, రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు, బతుకు మీద ఆశ పోయింది అని ఎవరు రాస్తారు?

నేను యాప్‌లకు వ్యతిరేకం కాదు, ముందే చెప్తున్నాను. నిజానికి మన జిల్లాల పిల్లలకు ఇట్లాంటి యాప్ హైదరాబాద్ పిల్లలకంటే ఎక్కువ అవసరం, దానికి కారణం కూడా ఉంది. మనవి అందరికీ అందరూ తెలిసిన ఊళ్లు. నల్లగొండలో, పాలమూరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి, పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, ఓపీ చీటీ తీసుకుంటే డాక్టర్ చూస్తాడు. కానీ దేవరకొండ నుంచో, అచ్చంపేట నుంచో వచ్చిన ఒక అమ్మాయి ఆ గది ముందు బెంచీ మీద కూర్చుంటే, అదే రోజు బీపీ గోలీల కోసం వచ్చిన వాళ్ల ఊరి పెద్దమ్మ ఒకామె తప్పకుండా కనబడుతుంది. “ఏమైంది బిడ్డా, ఈడ కూసున్నవ్” అని అడుగుతుంది. ఆమె మంచికే అడుగుతుంది, కానీ ఆ మాట ఆ పిల్ల బస్సు దిగేలోపే ఊరికి చేరుతుంది, ఆ తర్వాత సంబంధాల దాకా వెళ్తుంది. అబ్బాయిలకు ఇంకో రకం. “మొగపోరనివి, నీకేం రోగంరా” అంటారు. అందుకే వాళ్లు ఎవరికీ చెప్పరు. నేను అడిగినా “ఏం లేదు సార్, మంచిగనే ఉన్న” అనే మాటే వస్తుంది.

ఫోన్ ఒక్కటే ఈ ఇబ్బంది లేకుండా చేయగలదు. రాత్రి హాస్టల్లో దుప్పటి కప్పుకుని, ఎవరి ముందూ కూర్చోకుండా, పేరు చెప్పకుండా, తన మనసులో ఉన్నది ఒకచోట పెట్టుకోగలగడం మన పిల్లలకు చిన్న విషయం కాదు. యాప్‌లో ఇంకెన్ని హంగులున్నా నా దృష్టిలో దాని అసలు విలువ ఇదే, ఎవరికీ తెలియకుండా మొదటి అడుగు వేయొచ్చు. హాల్‌టికెట్ నంబర్ అడిగిన మరుక్షణం ఆ విలువ పోయింది. మిగిలింది ఇంకో అటెండెన్స్ రిజిస్టర్.

విషయం ఎంత పెద్దదో తెలియనివాళ్ల కోసం రెండు లెక్కలు చెప్తాను. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 ఒక్క ఏడాదిలో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. 2015-16లో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ఏం తేల్చిందంటే, సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి ఏ చికిత్సా అందడం లేదు. అంటే బాధపడేవాళ్లలో ఎక్కువమంది డాక్టర్ గుమ్మం తొక్కనే లేదు.

ఇక ఈ యాప్‌లు నిజంగా ఏం చేస్తాయి అనేది. మంచి యాప్‌లు చాలా వరకు సీబీటీ అనే పద్ధతి మీద నడుస్తాయి, దాన్ని తెలుగులో చెప్పాలంటే ఆలోచనను పట్టుకుని పరీక్షించి చూడటం. మా క్లాసు నుంచే ఉదాహరణ చెప్తాను. కాస్ట్ అకౌంటింగ్ తప్పిన పిల్లవాడి బుర్రలో “నా బతుకింతే, నాతోని ఏదీ కాదు” అనే మాట తిరుగుతుంటుంది, అది రోజంతా తిరిగి తిరిగి చివరికి నిజమే అనిపిస్తుంది. యాప్ ఆ మాటను అక్కడ రాయమంటుంది. రాశాక అడుగుతుంది: ఇది నిజమనడానికి నీ దగ్గర ఏం రుజువుంది, కాదనడానికి ఏముంది, ఇదే మాట నీ దోస్తు అంటే నువ్వు వాడికేం చెప్తావ్? దోస్తుకైతే “ఒక్క సబ్జెక్టు పోతే ఏమైతదిరా, సప్లీ రాద్దాం పా” అంటాడు కదా, తనకు తాను మాత్రం ఎన్నడూ అట్లా చెప్పుకోలేదని అప్పుడు తెలుస్తుంది. ఒక్కసారితో బాధ పోదు. కానీ పదిసార్లు ఇట్లా రాస్తే ఆ మాట పట్టు కొంచెం సడలుతుంది. అట్లాగే అన్నీ మానేసి పడుకున్నవాణ్ని రోజుకు ఒక్క చిన్న పని చేయించడం, ఎన్నింటికి పడుకున్నాం ఎన్నింటికి లేచామో రాసుకోవడం, పరీక్ష హాల్లో గుండె దడదడలాడినప్పుడు ఊపిరి నెమ్మదిగా వదలడం, ఇవన్నీ ఫోన్ బాగానే నేర్పగలదు. నేర్పడానికి దానికి విసుగు కూడా రాదు.

దీని మీద పరిశోధనలు ఉన్నాయి. అమెరికాలో వోబాట్ అనే చాట్ యాప్‌ను 2017లో 70 మంది యూనివర్సిటీ వయసు పిల్లల మీద పరీక్షించారు. దాంతో మాట్లాడినవాళ్లలో రెండు వారాల్లోనే డిప్రెషన్ లక్షణాలు కొంత తగ్గాయి, డిప్రెషన్ గురించిన ఈ-బుక్ మాత్రమే ఇచ్చినవాళ్లలో అంతగా తగ్గలేదు. పరీక్ష చిన్నది, రెండు వారాలదే, చేసినవాళ్లలో ఆ కంపెనీ మనుషులూ ఉన్నారు, కాబట్టి దాన్ని పట్టుకుని ఎగరలేం, కానీ పూర్తిగా తీసేయలేం కూడా. ఇంకా గట్టిగా తేలిన విషయం వేరే ఉంది. ఫోన్ ద్వారానో ఇంటర్నెట్ ద్వారానో ఇచ్చే ఇట్లాంటి సాయం వెనక ఒక మనిషి ఉండి, వారానికోసారైనా “ఎట్లున్నవ్, ఎక్కడిదాకా వచ్చినవ్” అని పలకరిస్తే ఫలితం ఎక్కువ. పిల్లవాణ్ని యాప్‌కు వదిలేస్తే తక్కువ.

వదిలేస్తే ఏమవుతుందో కూడా లెక్క ఉంది. 2019లో వచ్చిన ఒక అధ్యయనం 93 మానసిక ఆరోగ్య యాప్‌లను జనం నిజంగా ఎంత వాడుతున్నారో చూసింది. డౌన్‌లోడ్ చేసుకున్న 15 రోజులకు వాడుతున్నవాళ్లు మధ్యస్థంగా 3.9 శాతం, నెలకు 3.3 శాతం. వందమందితో డౌన్‌లోడ్ చేయిస్తే నెల తిరిగేసరికి ముగ్గురు. రేపు ఏ కాలేజీ అయినా, కాలేజీలకు గ్రేడ్లు ఇచ్చే న్యాక్‌కు పంపే ఫైల్లో “మా విద్యార్థుల్లో 100 శాతం మంది మానసిక ఆరోగ్య యాప్ వాడుతున్నారు” అని రాస్తే, దయచేసి డౌన్‌లోడ్ లెక్క చూడకండి, నెల తర్వాతి లెక్క అడగండి. పైగా యాప్ ఎప్పటికీ ఉంటుందన్న హామీ లేదు. పైన చెప్పిన వోబాట్ అంత పేరున్నదే 2025 జూన్ 30న మూతబడింది. దానికి మనసు చెప్పుకోవడం అలవాటైనవాళ్లు ఏమయ్యారో ఆలోచించండి.

మా పిల్లలు ఫోన్‌ను ఎందుకు నమ్మరో నాకు బాగా తెలుసు. వాళ్లకు యాప్ అంటే మొదట గుర్తొచ్చేది లోన్ యాప్. కాంటాక్టులకు, ఫొటోలకు పర్మిషన్ ఇస్తే ఏమవుతుందో వాళ్లు కళ్లారా చూశారు, కట్టడం ఆలస్యమైతే మేనమామకు, మేడానికి, క్లాస్‌మేట్లకు ఎట్లాంటి మెసేజ్‌లు, ఎట్లాంటి మార్చిన ఫొటోలు పోతాయో ఏ హాస్టల్ రూమ్‌లో అడిగినా ఒక కథ చెప్తారు. బెట్టింగ్ యాప్‌ల సంగతి చెప్పనే అక్కర్లేదు. మన రాష్ట్రం 2017లోనే ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది, అయినా ఎన్ని ఇళ్లు కూలాయో మీ పేపర్లోనే చదువుతున్నాం. అట్లాంటి పిల్లవాడి చేతికి ఇంకో యాప్ ఇచ్చి, అది లొకేషన్, మైక్, కాంటాక్టులు అడుగుతుంటే ‘ఓకే’ నొక్కు, నీ మంచికే అంటే ఎట్లా నమ్ముతాడు? నమ్మకూడదు కూడా. బెటర్‌హెల్ప్ అనే పెద్ద ఆన్‌లైన్ కౌన్సెలింగ్ కంపెనీ, గోప్యంగా ఉంచుతామని మాట ఇచ్చి తీసుకున్న వివరాలను ప్రకటనల కోసం ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటి కంపెనీలకు ఇచ్చిందని 2023లో అమెరికా వాణిజ్య కమిషన్ తేల్చి, 78 లక్షల డాలర్లు కట్టించింది. అంత కట్టుదిట్టమైన చట్టాలున్నచోటే అట్లా జరిగితే, ఎవరు తయారుచేశారో, సర్వర్ ఎక్కడుందో కూడా తెలియని యాప్‌ను ప్రిన్సిపాల్ సంతకంతో పిల్లల ఫోన్లలోకి ఎక్కించడం ఏ ధైర్యంతో?

ఇంకొకటి, ఇది మగవాళ్లకు తొందరగా తట్టదు. చాలామంది అమ్మాయిల ఫోన్ వాళ్ల చేతిలో ఉంటుంది కానీ వాళ్లది కాదు. అన్న చూస్తాడు, నాన్న చూస్తాడు, డిగ్రీ చదువుతూనే పెళ్లయినవాళ్లు ఉన్నారు, భర్త చూస్తాడు. స్క్రీన్ మీద మెదడు బొమ్మతో, పేరులోనే మానసిక ఆరోగ్యం అని ఉన్న యాప్ కనబడితే ఇంట్లో లొల్లి మొదలవుతుంది. అందులో రాసుకున్నది వేరే పిన్ నంబర్ లేకుండా తెరుచుకుంటే ఇంకా ప్రమాదం. ఇట్లాంటివి యాప్ తయారుచేసేవాళ్లకు ఎవరు చెప్పాలి? ఒక్క రోజు మన పిల్లలతో కూర్చుంటే వాళ్లే చెప్తారు. ఫోన్లో స్టోరేజ్ ఉండదు, డేటా రాత్రికల్లా అయిపోతుంది కాబట్టి నెట్ లేకుండా పనిచేయాలంటారు, ఇంగ్లీషులో ఉంటే రెండో పేజీ దాకా కూడా పోమంటారు, తెలుగుతోపాటు ఉర్దూ కూడా కావాలంటారు, పాలమూరులో అది ఎంత అవసరమో ఇక్కడివాళ్లకు తెలుసు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టిన విషయం వేరే ఉంది. ఆ యాప్‌లో ఉన్నది పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నల పట్టిక, లోకమంతా వాడేదే. గత రెండు వారాల్లో ఎట్లా ఉన్నారని తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు, మొత్తం 27. దాని తొమ్మిదో ప్రశ్న, చచ్చిపోతే బాగుండు అనో, తనకు తాను హాని చేసుకోవాలనో ఆలోచనలు వచ్చాయా అని. ఇప్పుడు ఒక పిల్లవాడు, అందరిలాగా కాకుండా, ధైర్యం చేసి, అర్ధరాత్రి ఆ ప్రశ్న దగ్గర ‘దాదాపు ప్రతిరోజూ’ అని నొక్కాడనుకోండి. ఆ జవాబు ఎక్కడికి పోతుంది? ఎవరు చూస్తారు, ఎప్పుడు చూస్తారు? నేను కాలేజీలో అడిగాను. నెలాఖరుకు ఎక్సెల్ షీట్ వస్తుందన్నారు. నెలాఖరుకు! నాకు ఆ రోజు చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. జవాబు విని చేయి అందించే మనిషి సిద్ధంగా లేనప్పుడు ఆ ప్రశ్న అడగొద్దు. పిల్లవాడు తన బతుకులోనే అతి కష్టమైన మాట బయటపెడితే, ఫోన్ “ధన్యవాదాలు, మీ స్పందన నమోదైంది” అని చూపిస్తే, ఇక వాడు ఇంకెవరికీ చెప్పడు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పేరు తెలియకుండా ఉండాలంటున్నావు, మళ్లీ ప్రమాదం ఉంటే మనిషి రావాలంటున్నావు, రెండూ ఎట్లా కుదురుతాయని నా సహోద్యోగి ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్న. నాకు తోచింది ఇది: మామూలుగా ఎవరికీ ఏదీ పోకూడదు, కాలేజీకి అసలే పోకూడదు. ప్రాణానికి ప్రమాదం అనిపించిన జవాబు వస్తే యాప్ అప్పటికప్పుడు స్క్రీన్ మీదనే “ఇప్పుడు ఒక మనిషితో మాట్లాడతావా” అని అడిగి, ఒక్క నొక్కుతో ఫోన్ కలపాలి, వాడు తనంతట తాను ఒప్పుకుంటేనే నంబర్ కౌన్సెలర్‌కు పోవాలి. కౌన్సెలర్ దాకా వచ్చాక పద్ధతి చట్టంలోనే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్సలో తెలిసిన విషయాలు బయటపెట్టకుండా ఉండే హక్కు ఇచ్చింది, ప్రాణాపాయం లాంటి సందర్భాలకే మినహాయింపు పెట్టింది. ఆ హద్దు ఎక్కడుందో మొదటి పేజీలోనే సాదా తెలుగులో పిల్లవాడికి చెప్పాలి. అదే చట్టం ఇంకో మంచి మాట కూడా చెప్పింది, ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే అనుకోవాలి, శిక్షించకూడదు అని. చాలామంది తల్లిదండ్రులు ఇప్పటికీ పోలీసు కేసవుతుందన్న బుగులుతో ఆసుపత్రిలో అసలు సంగతి దాస్తున్నారు.

పార్లమెంటు 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో సమ్మతి అనేది స్వేచ్ఛగా, షరతులు లేకుండా, విషయం తెలిసి ఇచ్చిందై ఉండాలని రాసి ఉంది. పెట్టనివాళ్ల లిస్టు ఆఫీసుకు పోతుందంటే అది స్వేచ్ఛ ఎట్లా అవుతుంది?

మనిషి కావాలి అంటున్నాను కదా, అది నా కోరిక మాత్రమే కాదు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం మీద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టాలి. చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. టీచింగ్, నాన్ టీచింగ్ సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. టెలీ మానస్ లాంటి హెల్ప్‌లైన్ల నంబర్లు హాస్టళ్లలో, క్లాసుల్లో, వెబ్‌సైట్లలో పెద్ద అక్షరాలతో కనబడాలి. అంతకుముందు 2023లోనే యూజీసీ కూడా విద్యార్థుల శారీరక, మానసిక క్షేమం గురించి మార్గదర్శకాలు పంపింది. మన ఉమ్మడి జిల్లాల్లో 100 మంది లేని డిగ్రీ కాలేజీలు ఎన్ని ఉంటాయి? మిగతా అన్నిటిలో కౌన్సెలర్ ఉన్నాడా? యాప్ తేలిక, ఒక మెసేజ్‌తో అయిపోతుంది. మనిషికి జీతం ఇవ్వాలి. నా భయమల్లా, యాప్ పెట్టాం కదా, ఇక కౌన్సెలర్ ఎందుకు అనేదాకా వస్తుందేమోనని.

జీతానికి డబ్బులు లేవనే కాలేజీలు నిజంగానే ఉన్నాయి, కాదనను. అయితే నల్లగొండలో 2007లో పెట్టిన మహాత్మాగాంధీ యూనివర్సిటీ, మహబూబ్‌నగర్‌లో 2008లో పెట్టిన పాలమూరు యూనివర్సిటీ తమ కింద ఉన్న కాలేజీలను నాలుగైదు చొప్పున కలిపి ఒక్కో కౌన్సెలర్‌ను ఇవ్వొచ్చు. వారంలో ఫలానా రోజు ఫలానా కాలేజీలో ఉంటారని పిల్లలకు తెలిస్తే చాలు. గది స్టాఫ్ రూమ్ పక్కన వద్దు, లైబ్రరీ వైపు పెట్టండి, అటు పోయేవాణ్ని ఎవరూ వింతగా చూడరు. యాప్‌లో మొదటి అడుగు వేసిన పిల్లవాడికి రెండో అడుగు వేయడానికి ఆ గది ఉండాలి.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నది 14416. దీని గురించి ప్రచారం ఎంత తక్కువంటే, నేను మూడో సంవత్సరం క్లాసులో అడిగితే ఒక్క చేయి లేవలేదు. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబర్ ఇది. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, ఉర్దూలో మాట్లాడొచ్చు. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ ఎత్తుతారు, అవసరమైతే మానసిక వైద్యులకు కలుపుతారు, దగ్గర్లో ఎక్కడ చూపించుకోవాలో చెప్తారు. 2024 అక్టోబర్‌లో దీనికి యాప్ కూడా వచ్చింది. స్మార్ట్‌ఫోన్ లేకపోయినా బటన్ ఫోన్ నుంచి చేయొచ్చు. కొత్త యాప్ కొనే ముందు ఈ ఉన్నదాన్ని ప్రతి హాస్టల్ గోడకు అంటించండి, బాత్రూమ్ తలుపు లోపలి వైపు కూడా అంటించండి, అక్కడైతే ఎవరూ చూడకుండా నంబర్ ఎక్కించుకుంటారు.

పిల్లలు మాత్రం ఇప్పటికే తమ దారి తాము వెతుక్కుంటున్నారు. రాత్రి ఒంటి గంటకు ఏఐ చాట్‌లో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి తమ బాధ చెప్పుకుంటున్నారు. అది వెంటనే జవాబిస్తుంది, తిట్టదు, “ఊరికే పరేషాన్ అయితున్నవ్” అనదు. వాళ్లను నేను తప్పుపట్టను. కానీ అది వైద్యం కోసం తయారుచేసింది కాదు, మనం ఏమంటే దానికి తల ఊపే గుణం దానిలో ఉంది, ప్రమాదం వచ్చినప్పుడు లేచి వచ్చి తలుపు తట్టలేదు. 2025 ఆగస్టులో కాలిఫోర్నియాలో 16 ఏళ్ల కొడుకును పోగొట్టుకున్న తల్లిదండ్రులు చాట్‌జీపీటీ కంపెనీ మీద కోర్టుకు వెళ్లారు. కాబట్టి పిల్లలూ, మీలో ఎవరైనా ఇది చదువుతుంటే, చాట్‌లో కొట్టిన మాటనే ఒక్కసారి 14416కు చెప్పి చూడండి, ఎత్తేది మనిషే.

తల్లిదండ్రులు నన్ను అడుగుతారు, “సారూ, ఈ ఫోనే కదా పిల్లల్ని పాడుచేసింది, మళ్లీ ఫోన్లోనే మందు అంటరేంది?” వాళ్ల బాధ నిజమే, రాత్రి రెండింటిదాకా రీల్స్ చూసి పొద్దున క్లాసులో తూగేవాళ్లు నాకూ కనబడుతున్నారు. కానీ వాళ్లలో కొందరు నిద్రపోయే ముందు వచ్చే ఆలోచనలకు భయపడి ఫోన్ చూస్తున్నారు. ఫోన్ గుంజుకుంటే ఆ ఆలోచనలు పోవు, పిల్లవాడు ఒంటరిగా వాటితో మిగులుతాడు.

ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి. ఏ యాప్ అయినా, ఏ కౌన్సెలర్ అయినా, పిల్లల దిగులుకు అసలు కారణాన్ని మనమే చేతులారా పెంచుతుంటే ఏం చేస్తారు? మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్నవాళ్లు. కొందరి అమ్మానాన్నలు ఇప్పటికీ బొంబాయి, పుణే వలస పోయి పనిచేస్తున్నారు, ముసలి నానమ్మ దగ్గర పెరిగి వచ్చారు. సెలవుల్లో పత్తి ఏరుతారు, ఫంక్షన్ హాళ్లలో క్యాటరింగ్‌కు పోతారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ప్రభుత్వం నుంచి రాలేదని చదువు అయిపోయిన పిల్లవాడికి మెమోలు, టీసీ ఇవ్వకుండా ఆపే కాలేజీలు ఉన్నాయి. సర్టిఫికెట్ లేక పీజీ సీటు పోతుంది, ఉద్యోగం పోతుంది. అట్లాంటివాడి ఫోన్‌కు పొద్దున్నే “ఈ రోజు మీరు దేనికి కృతజ్ఞతగా ఉన్నారు” అని నోటిఫికేషన్ పంపడం వాడిని అవమానించడమే. ముందు వాడి మెమో వాడికి ఇవ్వండి. బకాయిలు ప్రభుత్వం తీర్చాలి, ఆ కొట్లాట యాజమాన్యాలు ప్రభుత్వంతో చేసుకోవాలి, మధ్యలో పిల్లల కాగితాలు పట్టుకోవద్దు. ఇది మానసిక ఆరోగ్యం కిందికి రాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

రెండు యూనివర్సిటీల వైస్ చాన్సలర్లను, ఉన్నత విద్యామండలిని నేను కోరేది ఇంతే. మానసిక ఆరోగ్య యాప్ ఏదైనా సరే, వేసుకోవడం పిల్లల ఇష్టానికి వదలమని, హాల్‌టికెట్ నంబర్, ఫోన్ నంబర్, పేరు అడగొద్దని కాలేజీలకు రాతపూర్వకంగా చెప్పండి. ఇప్పటిదాకా నంబర్లతో సేకరించినదంతా తుడిచేయించండి. కాలేజీకి లెక్కలు కావాలంటే యూనివర్సిటీ మొత్తానికి కలిపి ఇవ్వండి, సెక్షన్ల వారీగా వద్దు, ఇరవై మంది ఉన్న సెక్షన్‌లో “ఇద్దరికి తీవ్రం” అని వస్తే ఆ ఇద్దరెవరో మధ్యాహ్నానికల్లా అందరూ పట్టేస్తారు. తీసుకునే ముందు ఒక సెమిస్టర్ పాటు కొన్ని కాలేజీల్లో వాడి చూడండి, కమిటీలో లెక్చరర్లతోపాటు హాస్టల్ పిల్లలను, ముఖ్యంగా అమ్మాయిలను కూర్చోబెట్టండి.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. డిగ్రీ సెమిస్టర్ ఫలితాలు వచ్చే రోజుల్లో జిల్లా పేజీలో 14416 నంబర్ కనబడేలా వేయండి. విద్యార్థి మరణం వార్త వేయాల్సి వచ్చినప్పుడు ఎట్లా, ఎక్కడ అనే వివరాలు, ఫొటో, మొదటి పేజీ హెడ్డింగ్ లేకుండా వేయండి. ప్రెస్ కౌన్సిల్ 2019లో చెప్పింది కూడా ఇదే. మీ జిల్లా విలేకరులు ఒక్కో కాలేజీకి వెళ్లి “ఇక్కడ కౌన్సెలర్ ఎవరు, ఏ గదిలో ఉంటారు, ఏ రోజు వస్తారు” అని అడిగి, వచ్చిన జవాబును కాలేజీ పేరుతో సహా అచ్చేస్తే, మాలాంటివాళ్లు పదిసార్లు అర్జీలు పెట్టినదానికంటే తొందరగా పని అవుతుంది. మా కాలేజీకి కూడా రండి.

ఇట్లు,
ఒక కామర్స్ లెక్చరర్,
మహబూబ్‌నగర్ జిల్లా